ఒకే మనిషికి మూడు పుట్టిన సంవత్సరాలు

వంశవృక్షం గీయడం మొదలుపెట్టిన వాళ్లంతా ఎక్కడో ఒక చోట ఇరుక్కుంటారు. ముత్తవ్వ పుట్టిన సంవత్సరం ఒక కాగితం ప్రకారం 1871, ఇంకో కాగితం లెక్కేస్తే 1874, సమాధి రాయి మీద 1872. అప్పుడు చాలామంది చేసే పని, నేనూ మొదట్లో చేసిందే, ఎక్కువ చోట్ల కనిపించిన సంవత్సరాన్ని ఖాయం చేసుకోవడం. రికార్డుల దగ్గర ఈ మెజారిటీ లెక్క పనికిరాదు. ఆన్‌లైన్‌లో పది వంశవృక్షాల్లో ఒకే తేదీ కనిపించిందంటే చాలాసార్లు ఒకరు రాసిన దాన్ని తొమ్మిది మంది ఎత్తి పెట్టుకున్నారనే అర్థం.

నన్నడిగితే, ముందు చూడాల్సింది ఆ మాట గుమాస్తాకి ఎవరు చెప్పారన్నది. మరణ ధ్రువీకరణ పత్రమే తీసుకోండి, సర్కారు ముద్ర ఉంది కదా అని మొత్తం నమ్మేస్తాం. చనిపోయిన తేదీ వరకు సరే, అది చెప్పినవాళ్లు ఆ పూట దగ్గర్లోనే ఉండి ఉంటారు. కానీ అదే కాగితంలో ఉన్న వయసు చెప్పింది ఏ కొడుకో అల్లుడో, అంటే ఆమె పుట్టినప్పటికి తామే పుట్టనివాళ్లు! ఒకే కాగితంలో ఒక గడి కళ్లతో చూసింది, పక్క గడి చెవులతో విన్నది. 1940 అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి వివరాలు చెప్పిన మనిషి పేరు పక్కన సున్నా చుట్టిన ఇంటూ గుర్తు పెట్టమన్నారు. అన్ని రికార్డులకీ అలాంటి గుర్తు ఉంటే సగం తలనొప్పి తగ్గేది.

రాసిన పద్ధతి కూడా తెలియాలి. ఇంగ్లండ్‌లో 1841 జనాభా లెక్కలప్పుడు 15 దాటినవాళ్ల వయసును అయిదేళ్ల మెట్టుకి కిందికి దించి రాయమన్నారు, అందుకే అప్పుడు 39 ఏళ్లున్న మనిషి 35 అయిపోయి, 1851కి ఒక్కసారిగా 49 అవుతాడు. అందరు గుమాస్తాలూ ఈ ఆదేశం పాటించలేదు, అదో తంటా. పైగా 1901 వరకు మనకి దొరికేవి ఇంటివాళ్లు నింపిన ఫారాలు కావు, వాటిని చూసి గుమాస్తా పుస్తకంలోకి ఎక్కించినవి. ఇంటి యజమాని సొంత దస్తూరీ కనిపించేది 1911 నుంచే. ఆన్‌లైన్ ఇండెక్స్, అంటే పేర్లు వెతుక్కోవడానికి టైపు చేసి పెట్టిన పట్టిక, ఆ నకలుకి మళ్లీ నకలు, కాబట్టి పేజీ ఫొటో తెరిచి చూడకుండా దేన్నీ నమ్మకండి.

కొన్నిసార్లు గొడవే ఉండదు. జార్జ్ వాషింగ్టన్ పుట్టింది 1731 ఫిబ్రవరి 11న, 1732 ఫిబ్రవరి 22న కూడా. రెండూ నిజమే. ఇంగ్లండ్, దాని వలసలు 1752లో కేలండర్ మార్చుకునే దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, తేదీలేమో వాషింగ్టన్ పుట్టేనాటికి 11 రోజులు వెనక ఉండేవి.

ఇప్పుడు ముత్తవ్వ సంగతికి వద్దాం. ఇంగ్లండ్‌లో ఒకావిడ అనుకుందాం. జనన రిజిస్టర్లో 1871 నవంబర్. 1899 డిసెంబర్ పెళ్లి కాగితంలో 25 ఏళ్లు, పెళ్లికొడుక్కీ 25. 1911 ఏప్రిల్ ఫారంలో 36, రాసింది భర్త. పెళ్లప్పుడు మూడేళ్లు తగ్గించుకుంది, ఆ లెక్కే ఇంట్లో ఖాయమైపోయింది. అంటే 1874కి రెండు కాగితాలున్నా మూలం ఒక్కటే, ఆవిడ నోటి మాట. 1941 మార్చిలో చనిపోయినప్పుడు వయసు 69 అని రాయించింది చెల్లెలు, ఆమెకి అసలు లెక్క తెలుసు. రాయి చెక్కించిన పిల్లలు 1941లోంచి 69 తీసేసి 1872 వేయించారు, ఆ ఏడాది పుట్టినరోజు ఇంకా రాలేదని చూసుకోలేదు.

అయినా తొందరపడకూడదు. ఒక బిడ్డ చనిపోతే అదే పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం అప్పట్లో మామూలే. 1871 రిజిస్టర్లో ఉన్నది చనిపోయిన అక్క అయితే? 1881 ఏప్రిల్ జనాభా లెక్కల్లో ఆ ఇంట్లో ఆ పేరుతో తొమ్మిదేళ్ల పిల్ల ఉంది, కాబట్టి ఆ అనుమానం దాదాపు తీరినట్టే. 1881 పేజీ కనక చిరిగిపోయి ఉంటే నేను 1871 అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి, 1874 కాగితాలు కూడా ఆ కిందే ఉంచేవాడిని.