పాస్‌వర్డ్‌ను యూఆర్ఎల్‌లో పెట్టమన్న ఆరు చిట్కాల గురించి

"లాగిన్ రిక్వెస్ట్ సర్వర్ దగ్గర ఆగిపోతోందా? ఈ ఆరు చిట్కాలు చాలు" అన్న సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవారందరూ మిత్రులే కనుక మూడుసార్లు మౌనంగా ఊరుకున్నాను. నాలుగోసారి పంపినవారు "నీకు తప్పక పనికొస్తుంది" అని కూడా చేర్చడంతో, ఆ ఆరింటికీ వరుసగా సమాధానం రాయక తప్పలేదు.

మొదటిది: "పోస్ట్‌మన్‌లో లాగిన్ అయితే సర్వర్‌లో తప్పేమీ లేనట్టే." పోస్ట్‌మన్ అంటే రిక్వెస్ట్‌లు పంపి సర్వర్‌ను పరీక్షించే సాధనం, బ్రౌజర్ కాదు. ఆరిజిన్ నియమాలతో, అంటే ప్రోటోకాల్, డొమైన్, పోర్టు కలిసిన చిరునామాను బట్టి బ్రౌజర్ పెట్టే ఆంక్షలతో, దానికి పని లేదు. జేసన్ అనే డేటా రూపంలో వేరే ఆరిజిన్‌కు పోస్ట్, అంటే డేటాను తన లోపల పెట్టుకుని వెళ్ళే రిక్వెస్ట్, పంపేముందు బ్రౌజర్ తనంతట తానే ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ ఒకటి పంపి సర్వర్ అనుమతి అడుగుతుంది, దానితో లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలు వెళ్ళవు. వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ "లాగిన్ అయ్యావా?" అని నిలదీసే మిడిల్‌వేర్, అంటే రిక్వెస్ట్‌ను మధ్యలో పరిశీలించే కోడ్, వేరే ఆరిజిన్లకు అనుమతులిచ్చే కోర్స్ మిడిల్‌వేర్ కంటే ముందు వరుసలో ఉంటే ఆ ఆప్షన్స్‌కు 401 అనే తిరస్కరణ కోడ్ ఇచ్చి పంపేస్తుంది, అసలు పోస్ట్ బయలుదేరనే బయలుదేరదు. తప్పు పూర్తిగా సర్వర్‌దే అయినా పోస్ట్‌మన్‌లో అది ఎప్పటికీ కనిపించదు.

రెండవది: "కోర్స్ ఎర్రర్ వస్తే అనుమతించే ఆరిజిన్ దగ్గర నక్షత్రం గుర్తు పెట్టండి." కుకీతో నడిచే లాగిన్‌కు రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ ఫెచ్‌లో, కుకీలనూ పంపమని క్రెడెన్షియల్స్‌ను ఇంక్లూడ్ అని పెడతాము, అలా పెట్టినప్పుడు "ఏ ఆరిజిన్ అయినా సరే" అనే నక్షత్రాన్ని బ్రౌజర్ ఒప్పుకోదు. ఆరిజిన్‌ను పోర్టుతో సహా స్పష్టంగా రాసి, క్రెడెన్షియల్స్‌ను అనుమతించే హెడర్‌ను కూడా సర్వర్ పంపవలసిందే. అంతకంటే ముందు సర్వర్ లాగ్ తెరిచి చూడడం మేలు, ఎందుకంటే లాగిన్ కోడ్ మధ్యలో కుప్పకూలి 500 వచ్చినప్పుడు ఆ జవాబుకు కోర్స్ హెడర్లు అంటకపోతే కన్సోల్‌లో కనిపించేది కోర్స్ ఎర్రరే.

మూడవది: "బ్రౌజర్ భద్రతను ఆపేసి ప్రయత్నించండి." చాలా బాగుంది. ఆ తర్వాత వాడుకరులందరి కంప్యూటర్లలోనూ మీరే వెళ్ళి ఆపేసి రండి.

నాలుగవది చదివినప్పుడే నా ఓపిక తీరిపోయింది: "పోస్ట్ పనిచేయకపోతే ఈమెయిల్, పాస్‌వర్డ్‌లను గెట్‌లో పంపండి, వెంటనే పనిచేస్తుంది." పనిచేస్తుంది, అదే ప్రమాదం. గెట్ వాటిని యూఆర్ఎల్‌లోనే పెట్టి పంపుతుంది. హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అన్న సమర్థన కూడా ఆ సందేశంలోనే ఉంది. హెచ్‌టీటీపీఎస్ దారిలో మాత్రమే కాపాడుతుంది, రెండు కొసలలో కాదు. సర్వర్ యాక్సెస్ లాగ్ సాధారణంగా యూఆర్ఎల్‌ను ప్రశ్నార్థకం తర్వాతి భాగంతో సహా రాసుకుంటుంది. సర్వర్ ముందున్న ప్రాక్సీ లాగ్ కూడా అంతే. ఆ లాగ్‌లను బ్యాకప్ చేస్తారు, లోపం వెతకడానికి తోటివారికి పంపుతారు, వాటి స్క్రీన్‌షాట్లు తీస్తారు. డేటాబేస్‌లో పాస్‌వర్డ్‌ను ఎంతో శ్రద్ధగా హ్యాష్ చేసి, అంటే తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాచినవారే, పక్క ఫైలులో దానిని తేటతెల్లంగా రాసి పెట్టినట్టవుతుంది.

ఇంతకూ ఈ చిట్కా పుట్టిన చోటు ఏదో ఊహించగలను. ఫారంలో సబ్మిట్ హ్యాండ్లర్ రాసి, ఫారంను బ్రౌజర్ తానే పంపకుండా ఆపే ప్రివెంట్ డిఫాల్ట్‌ను పిలవడం మరిచిపోతారు. మెథడ్ రాయని ఫారం గెట్‌గానే వెళుతుంది కనుక పేజీ మళ్ళీ లోడ్ అవుతుంది, ఫెచ్ పంపిన పోస్ట్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో క్యాన్సిల్డ్ అని కనిపిస్తుంది, అడ్రస్ బార్‌లో మాత్రం ఈమెయిల్, దాని పక్కనే పాస్‌వర్డ్ దర్శనమిస్తాయి. అది చూసి ఎవరో మహానుభావుడు "పోస్ట్ పోవడం లేదు, గెట్ పోతోంది" అని తేల్చి, ఒక్క వరుస కోడ్‌తో పోయే లోపాన్ని లోకానికి ఉపదేశంగా మార్చాడు. గెట్‌తో ఇప్పటికే నడిపినవారు కోడ్ మార్చి ఊరుకోకుండా లాగ్‌లను శుభ్రం చేయాలి, ఆ పాస్‌వర్డ్‌లను మార్పించాలి.

ఐదవది: "401 అయినా 403 అయినా ఒకటే." ఒకటి కాదు. 401 అంటే నీవెవరో తేలలేదని, 403 అంటే అడిగినది అర్థమైనా అనుమతించనని. వేరే సైటు నుంచి వచ్చే నకిలీ రిక్వెస్ట్‌లను ఆపే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ లేక 403 వస్తుంటే పాస్‌వర్డ్ మార్చి మార్చి కొట్టడం వృథా ప్రయాస.

ఆరవది: "కుకీలు తుడిచి మళ్ళీ ప్రయత్నించండి." దీనిని వెక్కిరించాలనే కూర్చున్నాను కానీ, నిజాయితీగా చెప్పాలంటే ఒకసారి నన్ను గట్టెక్కించినది ఇదే. లాగిన్‌కు 200, అంటే సరే అన్న జవాబు, వచ్చేది, కొత్త కుకీ పడేది, ఆ వెంటనే వెళ్ళే ప్రొఫైల్ రిక్వెస్ట్‌కు 401 వచ్చేది. సగం రోజు పోయాక రిక్వెస్ట్‌లోని కుకీ హెడర్‌ను అక్షరం అక్షరం చదివితే, సెషన్ అన్న పేరు అందులో రెండుసార్లు ఉంది. పాత కోడ్ ఏపీఐ పాత్‌కు, అంటే సైటులో ఏపీఐ కింది చిరునామాలకు మాత్రమే పెట్టిన కుకీ ఒకటి, కొత్త కోడ్ రూట్ పాత్‌కు, అంటే సైటు మొత్తానికి పెట్టినది మరొకటి. పొడవైన పాత్ ఉన్న కుకీని బ్రౌజర్ ముందు పంపుతుంది, మా సర్వర్ లైబ్రరీ మొదటిదానినే తీసుకునేది. తుడవగానే లాగిన్ సరిగా పనిచేసింది. అయితే అది నా బ్రౌజర్‌లో మాత్రమే. మిగిలిన వాడుకరుల కోసం పాత కుకీని అదే పేరుతో, అదే పాత్‌తో గడువు ముగించి పంపే కోడ్‌ను సర్వర్‌లో రాయవలసివచ్చింది.