చెవిలోనా, చెవి మీదా: ముందు తేల్చాల్సింది బ్యాటరీ లెక్క

రెండేళ్లు రోజూ వాడిన ఇయర్‌బడ్స్‌లో ఒకటి గంటన్నరకే ఆగిపోతుంది, రెండోది ఇంకాసేపు లాగుతుంది. చాలామంది దీన్ని నాసిరకం సరుకు అనుకుంటారు. చాలాసార్లు అది నాసిరకం కాదు, అరిగిపోయిన బ్యాటరీ. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ కొనాలా, చెవిలో పెట్టుకునే బడ్స్ కొనాలా అన్న ప్రశ్నను ధరతోనో, బేస్ అనే మంద్ర శబ్దంతోనో కాక ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

లిథియం అయాన్ బ్యాటరీ సుమారు 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి దాదాపు ఐదో వంతు సామర్థ్యం పోగొట్టుకుంటుంది. ఒక్కో బడ్‌లో ఉండేది సాధారణంగా 40 నుంచి 60 ఎంఏహెచ్ బ్యాటరీ. అది ఐదారు గంటలు వస్తుంది. రోజూ ఐదు గంటలు వింటే రోజుకో సైకిల్ (ఒకసారి నిండి ఖాళీ కావడం) ఖర్చయినట్టే, ఏడాదిన్నరలో 500 పూర్తవుతాయి. 30 గంటలు వచ్చే పెద్ద హెడ్‌ఫోన్స్‌కు అదే వాడకంలో ఆరు రోజులకో సైకిల్. అంటే 3,000 రోజులు, ఎనిమిదేళ్ల పైమాట. వాడినా వాడకున్నా వయసుతో బ్యాటరీ నీరసిస్తుంది కాబట్టి అన్నేళ్లూ రాకపోవచ్చు. కానీ తేడా మాత్రం అంత పెద్దది. పైగా చాలా బడ్స్ కేసులో పెట్టిన ప్రతిసారీ 100 శాతానికి ఎక్కి అక్కడే ఉంటాయి. నిండుగా ఉన్న బ్యాటరీకి వేడి తోడైతే మరింత చేటు. ఎండలో నిలిపిన కారులో కేసు వదిలేయకండి.

చాలా బడ్స్‌లో బ్యాటరీని జిగురుతో మూసేస్తారు, మార్చడం కుదరదు. మార్చుకునేలా చేయడం అసాధ్యమేమీ కాదని ఫెయిర్‌ఫోన్ సంస్థ 2024లో బడ్స్ తెచ్చి చూపించింది. ఐరోపా సమాఖ్యలో ఇలాంటి చిన్న బ్యాటరీలను వాడేవారే మార్చుకునేలా ఉండాలన్న నిబంధన, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి 18 నుంచి వర్తిస్తుంది. మన దగ్గరా అలాంటి నిబంధన కావాలి. బ్యాటరీ ఒక్కటి పోయిందని మంచి స్పీకరు, మైకు చెత్తలో పడేయడం అన్యాయం.

ఇంటి నుంచి పనిచేసేవారిని వేధించే సమస్య వేరు. పాట అద్భుతంగా వినిపించిన హెడ్‌ఫోన్స్ మీటింగ్ మొదలవగానే పాత టెలిఫోన్‌లా మారిపోతాయి. మామూలు బ్లూటూత్‌లో మైక్ ఆన్ అయిన క్షణం అవి హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారతాయి. అప్పుడు శబ్దం మోనోలో (రెండు చెవులకూ ఒకేలా), తక్కువ నాణ్యతతో వస్తుంది. ఇది రెండు రకాలకూ ఉంది, బ్లూటూత్‌లో మేలైన శబ్దాన్ని పంపే ఎల్‌డాక్ కోడెక్ కోసం ఎక్కువ డబ్బు పెట్టినా పోదు. ల్యాప్‌టాప్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ మైక్‌ను, అవుట్‌పుట్‌గా హెడ్‌ఫోన్స్‌ను ఎంచుకుంటే నాణ్యత తిరిగొస్తుంది.

బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ ముఖ్యంగా ఫ్యాన్, బస్సు ఇంజన్ లాంటి మంద్రమైన, ఎడతెగని మోతనే తగ్గిస్తుంది. హారన్, కుక్కర్ కూత లాంటివి ఆగాలంటే చెవికి గాలి సందు లేకుండా అతకాలి. బడ్‌ను వేలితో కొద్దిగా లోపలికి నొక్కినప్పుడు బేస్ పెరిగితే, టిప్ (చెవిలో ఇమిడే మెత్తటి రబ్బరు మొన) చిన్నదైందని గుర్తు. డబ్బాలోని పెద్ద సైజు వేసి చూడండి. పెద్ద హెడ్‌ఫోన్స్‌కు కళ్లద్దాల కాడలతో చిక్కు. మందమైన కాడ కుషన్‌ను ఎత్తిపట్టి, బేస్‌నూ నిశ్శబ్దాన్నీ రెండింటినీ పాడుచేస్తుంది. అలాంటి ఫ్రేమ్ వాడేవారికి బడ్సే నయం.

ఇక మన ఉక్కపోత. తోలులా కనిపించే పీయూ కుషన్లు తేమకు, చెమటకు రెండేళ్లలోపే పొరలుగా రాలవచ్చు. గుడ్డ కుషన్లు చల్లగా ఉంటాయి కానీ బయటి శబ్దాన్ని అంతగా ఆపవు. బడ్స్ అయితే చెవిలో తేమను బంధిస్తాయి. స్నానం చేసిన వెంటనే పెట్టుకోవద్దు. దురద, చీము కనిపిస్తే మానేసి డాక్టరుకు చూపించాలి. ఒకవైపు శబ్దం తగ్గితే జాలీలో గులిమి చేరి ఉండొచ్చు. టిప్ తీసి, జాలీని కిందికి తిప్పి, పొడి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. పిన్నీసు పెడితే జాలీ చిరుగుతుంది. ఒక బడ్ చార్జ్ కాకపోతే చాలాసార్లు కారణం చార్జింగ్ పిన్నుల మీద పేరుకున్న చెమట ఉప్పే. కేసులో పెట్టేముందు తుడవాలి.

చెవికి హాని చేసేది రకం కాదు, వాల్యూమ్. పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 89 దగ్గర ఐదు గంటలే.

కుర్చీలో రోజూ నాలుగు గంటలకు మించి వినేవారు పెద్ద హెడ్‌ఫోన్స్ కొనడమే సరైనది. నడకకు, వ్యాయామానికి, రోజుకు గంటో రెండు గంటలో వాడకానికి కనీసం ఐపీఎక్స్4 రేటింగ్ (నీటి తుంపరలను తట్టుకుంటుందన్న గుర్తు) ఉన్న బడ్స్ చాలు. బండి మీద రెండూ వద్దు. పెద్దవి కొనేముందు దుకాణంలో రెండు విషయాలు అడగండి: కుషన్లు విడిగా దొరుకుతాయా, బ్యాటరీ అయిపోయాక 3.5 ఎంఎం వైరుతో పనిచేస్తాయా.