‘ది క్రో’కి శాపం అంటగట్టే ఆ మెసేజ్ ఇక చాలు

ఈ నెలలో ఆరోసారి వచ్చింది ఆ మెసేజ్. ‘శాపం తగిలిన కామిక్’ అని మొదలవుతుంది. ‘ది క్రో’ గీసినతని ప్రియురాలిని గూండాలు చంపారట, దాన్ని సినిమాగా తీస్తుంటే బ్రూస్ లీ కొడుకు బ్రాండన్‌ని తోటి నటుడే కావాలని కాల్చాడట, ఆ షాటే సినిమాలో ఉంచేశారట, అందుకే పాత కాపీ ఏది దొరికినా లక్షలట. పంపేది నాకు కామిక్స్ పిచ్చి ఉందని తెలిసిన స్నేహితులే కాబట్టి, ఒకేసారి అందరికీ జవాబు రాస్తున్నా.

గూండాల సంగతి. గీసినాయన జేమ్స్ ఓబార్, డెట్రాయిట్ మనిషి. ఆయన పెళ్లాడాల్సిన అమ్మాయి 1978లో తాగి బండి నడిపినవాడి వల్ల చనిపోయింది. ఇరవై డాలర్ల ఉంగరం కోసం ఒక జంటని చంపారన్న వార్త వేరు. అదీ కథలోకి వచ్చింది, మెసేజ్ రాసినవాడు రెండూ కలిపేశాడు.

లక్షల సంగతి. పాత కామిక్స్ సేకరించేవాళ్లు అడిగేది 1989లో క్యాలిబర్ అనే చిన్న సంస్థ వేసిన మొదటి సంచిక, అదీ మొదటి ముద్రణ, మడత పడకుండా ఉంటేనే. తర్వాతి ముద్రణలున్నాయి, 1992లో టండ్రా వేసినవి ఉన్నాయి, సినిమా వచ్చాక అచ్చైనవైతే బోలెడు. పాతదైతే చాలనుకుని డబ్బు పెట్టకండి.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండే మాట: ‘కావాలని కాల్చాడు’. ఎలా రాయగలిగారు ఇది? అంతకుముందు ఒక క్లోజప్ కోసం అసలు తూటాల్లోంచి పేలుడు మందు తీసేసి వాడారు, కానీ వెనక ఉండే ప్రైమర్, అంటే ఆ మందుని అంటించే చిన్న బిళ్ల, తీయలేదు. అది పేలి తూటా ముక్క బ్యారెల్‌లోకి వెళ్లి ఇరుక్కుంది. ఎవరూ చూసుకోలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్‌లు, అంటే ముందు ముక్క లేకుండా మందు మాత్రమే ఉన్న ఉత్తుత్తి తూటాలు, పెట్టి నటుడి చేతికిచ్చారు, ఆ మందు బలానికి ఇరుక్కున్న ముక్క బయటికి దూసుకొచ్చి బ్రాండన్ పొట్టలో దిగింది. 1993 మార్చి 31, నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్. వయసు 28, ఇంకో రెండున్నర వారాల్లో పెళ్లి. నిర్లక్ష్యం ఉంది, కాదనను. కానీ ట్రిగ్గర్ నొక్కిన మైకేల్ మస్సీ తనకిచ్చిన తుపాకీతో తనకు చెప్పిన సీన్ చేశాడు, అంతే. ఆ తర్వాత ఏడాదిపాటు నటనకి దూరంగా ఉన్నాడు, పన్నెండేళ్ల తర్వాత కూడా ఆ పీడకలలు వస్తున్నాయనీ సినిమా చూడలేదనీ చెప్పాడు. 2016లో చనిపోయాడు. జవాబు చెప్పుకోవడానికి కూడా లేని మనిషిని హంతకుడని పదిమందికి పంపుతున్నారు, మీ ఇంట్లోవాళ్లకి ఇలాంటిది జరిగితే పంపుతారా?

ఆ షాట్ సినిమాలో లేదు. ఆ సీన్‌ని మార్చి, డూప్‌ని పెట్టి మళ్లీ తీశారు. క్లిప్ చూసి ‘నిజం చావు’ అనుకుంటున్నది నటన.

ఒక్క విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. బ్రూస్ లీ పోయాక, 1978లో అతకేసి విడుదల చేసిన ‘గేమ్ ఆఫ్ డెత్’లో హీరో ఒక నటుడు, షూటింగ్‌లో ఉత్తుత్తి తూటా బదులు నిజం తూటా పెట్టి అతన్ని కాలుస్తారు. పదిహేనేళ్ల తర్వాత కొడుక్కి అలా జరగడం తలుచుకుంటే నాకూ గుండె ఝల్లుమంటుంది. శాపం అన్నవాళ్లకి ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. అయినా పోయినవాళ్ల మీద శాపం కథ అల్లడానికి అది చాలదు.

అసలు ‘ది క్రో’ హీరో ఎరిక్‌ని జనం ఎందుకు దాచుకుంటారో ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. ముఖానికి తెల్లరంగు, నలుపు తెలుపు బొమ్మలు, చచ్చి లేచొచ్చి ఒక్కొక్కణ్ణీ చంపుతాడు, ఇదంతా పైపైది. నేను మళ్లీ మళ్లీ తిప్పేది ఆ హత్యల పేజీలు కాదు. తన ప్రియురాలు షెల్లీ లేని ఇంట్లో ఎరిక్ ఒంటరిగా కూర్చుని పాత రోజులు తలుచుకునే పేజీలు. అక్కడ గీతే మారిపోతుంది, మెత్తగా అవుతుంది. మనసు తేలికపడుతుందని ఓబార్ గీయడం మొదలుపెట్టాడు, గీసేకొద్దీ కోపమే పెరిగిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అది ఆ పేజీల్లో తెలుస్తుంది.

నా దగ్గర పుస్తకం ఉంది. మెసేజ్ పంపినవాళ్లు ఆదివారం ఇంటికి రండి, ఆ పేజీలు చూపిస్తా.