సవరణ: 6,060 కోట్లు ఏ తేదీ నుంచి?

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి వైపు తెలుగువాళ్ల కోసం పెట్టిన ఎలక్టోరల్ బాండ్ల (దాత పేరు బయటపడకుండా పార్టీలకు విరాళం ఇచ్చేందుకు స్టేట్ బ్యాంక్ అమ్మిన బాండ్లు) పోస్టులో "2018 నుంచి బీజేపీకి 6,060 కోట్లు" అని ఉంది. ఆ మొత్తం 2019 ఏప్రిల్ 12 తర్వాత మార్చుకున్న బాండ్లది మాత్రమే. స్టేట్ బ్యాంక్ జాబితా మొదలయ్యేదే అక్కడ. 2018 నుంచి లెక్కేస్తే, ఆ పార్టీ ఎన్నికల సంఘానికి స్వయంగా చూపింది 6,986.5 కోట్లు. అంటే అసలు సంగతి ఇంకా పెద్దది. పైగా ఆ పత్రాల్లో దాతల పేర్లు లేవు. డీఎంకే తన దాతల పేర్లు ఇచ్చింది మరి, అధికార పార్టీకి అడ్డేమిటి?

స్టేట్ బ్యాంక్ జాబితా ప్రకారం బీఆర్ఎస్‌కు సుమారు 1,214 కోట్లు, ఒడిశా పార్టీ బీజేడీకి 775 కోట్లు ముట్టిన మాటా నిజమే. కానీ 2017లో రిజర్వ్ బ్యాంక్ వద్దన్నా ఈ గోప్యతకు చట్టం చేసింది కేంద్రంలో ఉన్నవాళ్లే.

ఏ బాండు ఎవరు కొన్నారో, ఏ పార్టీ మార్చుకుందో జాబితాలు సరిపోల్చేవాళ్లకు ఒక జాగ్రత్త. 2024 మార్చి 14న వచ్చిన జాబితాల్లో బాండు నంబర్లు లేవు, వాటితో పని జరగదు. మార్చి 21 నాటివి తీసుకోండి. నంబరు ఒక్కటే వెతికితే వేరే బాండు తగులుతుంది, ఎందుకంటే అదే అంకె కోటి బాండుకూ పది లక్షల బాండుకూ ఉండొచ్చు. ముందున్న అక్షరాలు కలిపి చూడాలి: 'ఓసీ' కోటి, 'టీఎల్' పది లక్షలు, 'ఓఎల్' లక్ష.