వంటలో ఏం కలిపారో హోటళ్లు రాసి చూపించాల్సిందే

‘ఈ కూరలో వేరుశనగ వేశారా?’ అని హోటల్‌లో అడిగి చూడండి. ‘లేదు సార్, ఏం కాదు, తినండి’ అంటాడు సర్వర్. అతను అబద్ధమాడడం లేదు, అతనికి తెలియదంతే. తెలుసుకుని రాసిపెట్టాల్సిన బాధ్యత యజమానిది.

దేశంలో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనలు గోధుమ, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, వేరుశనగ, జీడిపప్పు, సోయా లాంటి అలర్జీ కారకాల వివరాలు కస్టమర్‌కు తెలపాలంటున్నాయి. కానీ మెనూలో రాయాలన్న నిబంధన పెద్ద వ్యాపారాలకిచ్చే సెంట్రల్ లైసెన్స్ ఉన్న హోటళ్లకు, పది లేదా అంతకుమించి శాఖలున్నవాటికే. మనం రోజూ తినే టిఫిన్ సెంటర్లు, మెస్‌లు, కర్రీ పాయింట్లు చాలావరకు దాని బయటే ఉన్నాయి.

అసలు ప్రమాదం కంటికి కనిపించనివాటితోనే. గ్రేవీ చిక్కబడడానికి జీడిపప్పు ముద్ద వేస్తారు. బజారులో దొరికే ఇంగువ పొడుల్లో చాలావాటిలో గోధుమ పిండి కలుస్తుంది. గోధుమ పడని సీలియాక్ రోగి ఇడ్లీ సాంబారు క్షేమమనే అనుకుంటాడు. ఫ్రైడ్ రైస్ బియ్యమే కదా అనుకుంటాం, అందులో వేసే సోయా సాస్‌లో మామూలుగా గోధుమ ఉంటుంది. ఇవన్నీ వంటవాడు చెబితే తప్ప తినేవారికి తెలిసే దారి లేదు. బ్రిటన్‌లోని యార్క్‌షైర్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్ యజమాని బాదం పొడికి బదులు వేరుశనగ కలిసిన చౌక పొడి వాడాడు. 2014లో, గింజలేవీ వద్దని చెప్పి మరీ కూర తీసుకున్న, వేరుశనగ అలర్జీ ఉన్న కస్టమర్ అది తిని చనిపోయాడు. 2016లో ఆ యజమానికి ఆరేళ్ల జైలు శిక్ష పడింది. అక్కడ దీన్ని పొరపాటుగా వదిలేయలేదు.

చిన్న హోటళ్లకు ఇది భారమంటారు, మెనూ రోజూ మారుతుందంటారు. ధర పెంచినప్పుడు బోర్డు తెల్లారేసరికి మారుతోంది కదా! ఆ ధర పక్కనే ‘జీడిపప్పు, పాలు’ అని రాయడానికి ఖర్చేముంది?

రాస్తే సరిపోదు, తెలుగులో రాయాలి. ప్యాకెట్ల లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలని నిబంధన, తెలుగు కంపెనీ ఇష్టం. మసాలా ప్యాకెట్ విప్పే మన వంటమాస్టర్‌కు, బిడ్డకు ఏది పెట్టకూడదో చూసుకునే తల్లికి చదవరాని హెచ్చరిక ఎవరి కోసం? తెలుగువాళ్లకు అమ్ముతూ తెలుగులో చెప్పకపోవడం మందుల డబ్బాల నుంచి బ్యాంకు పత్రాల దాకా అలవాటైపోయింది. మనమూ అడగడం మానేశాం.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పది శాఖల పరిమితిని ఎత్తేయాలి. 2024లో హైదరాబాద్ హోటళ్లలో వరుసగా సోదాలు చేసిన అధికారులు ఇకపై ఫ్రిజ్‌తో పాటు మెనూ బోర్డు కూడా తనిఖీ చేయాలి.