మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరా? ఆ ఫార్వర్డ్‌లోని మాటలు ఒక్కొక్కటిగా

"ఆడపిల్లలున్న ప్రతి తల్లీ చదవాలి" అంటూ మొదలయ్యే ఒక వాట్సాప్ ఫార్వర్డ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, బంధువుల గ్రూపులో తిరుగుతూనే ఉంది. అందులో ఉన్నది ఇదీ: నెలసరి నొప్పి సహజం, ఓర్చుకోవాలి. మాత్రలు వేసుకుంటే గర్భసంచి పాడై పిల్లలు పుట్టరు, ప్రభుత్వమే వాటిని బ్యాన్ చేసింది. పెళ్లయి ఒక కాన్పు అయితే నొప్పి అదే పోతుంది. నువ్వులు, బెల్లం తింటే పోయిన రక్తం తిరిగొస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే చివరికి గర్భసంచి తీసేస్తారు. కింద చేతులు జోడించిన బొమ్మలు.

ముందు మాత్ర సంగతి. నెలసరి మొదలయ్యేటప్పుడు గర్భసంచి లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. వాటివల్లే గర్భసంచి కండరం బిగుసుకుని నొప్పి పుడుతుంది. కొందరికి వాంతులు, విరేచనాలు కూడా అందుకే. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఆ రసాయనాల తయారీనే తగ్గిస్తాయి. కాబట్టి నొప్పి ముదిరేదాకా ఆగకుండా, మొదలవుతుండగానే ఏదైనా తిని వేసుకుంటే బాగా పనిచేస్తాయి. నెలకు రెండు మూడు రోజులు వాడినందుకు గర్భసంచి పాడవదు. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే వాడాలి. వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకోవడం కూడా పనిచేసే వైద్యమే, ఉత్త ఉపశాంతి అనుకోకండి.

బ్యాన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? 2023 నవంబరు 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ (మందుల నాణ్యతను, దుష్ప్రభావాలను గమనించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) మెఫెనమిక్ యాసిడ్ మీద ఒక హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా కొందరికి డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని, గమనిస్తూ ఉండమని దాని సారాంశం. మాత్ర వాడాక జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, ముఖం వాపు వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. అది హెచ్చరికే, నిషేధం కాదు. నన్నడిగితే తప్పు మందుల షాపుల దగ్గరుంది. అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లో ప్యాడ్లు అడిగితే న్యూస్‌పేపర్లో చుట్టి నల్ల కవర్లో దాచి ఇస్తారు. మాత్ర అడిగితే స్ట్రిప్ కత్తిరించి చేతిలో పెడతారు. అలర్జీ ఉందా, ఏమైనా తిన్నావా అని ఒక్క మాట అడగరు.

ఇక "సహజం, ఓర్చుకోవాలి". మొదటి ఒకటి రెండు రోజులు పొత్తికడుపులో నొప్పి చాలామందికి ఉంటుంది, నిజమే. కానీ మాత్ర వేసుకున్నా కాలేజీకో ఆఫీసుకో వెళ్లలేకపోవడం, ఏటేటా నొప్పి పెరగడం, డేట్ లేని రోజుల్లో కూడా నొప్పి రావడం, మలవిసర్జనప్పుడో కలయికప్పుడో నొప్పి రావడం సహజం కాదు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, ఏడు రోజులు దాటి అవుతున్నా, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా చూపించుకోవాల్సిందే. హైటెక్ సిటీ నుంచి ఇంటికి చేరేలోపు డ్రెస్ మీద మరక పడుతుందేమోనని క్యాబ్ సీటు మీద చున్నీ పరుచుకుని కూర్చునే అమ్మాయి "అందరికీ ఇంతేగా" అనుకుంటుంది. అందరికీ అంత ఉండదు. మొట్టమొదటి నెలసరి నుంచే విపరీతంగా అవుతూ, చిగుళ్ల నుంచి కూడా రక్తం వచ్చే పిల్లల్లో రక్తం గడ్డకట్టే లోపం ఉండొచ్చు. దాన్ని వేరే పరీక్షలతో చూస్తారు.

పెళ్లయితే తగ్గుతుందన్న మాటలో కొంత నిజముంది. ఏ జబ్బూ లేకుండా వచ్చే నొప్పి కాన్పు తర్వాత కొందరికి తగ్గుతుంది. ఎండోమెట్రియోసిస్ అలా పోదు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఈ జబ్బు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన, పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో దాదాపు పది శాతం మందికి ఉంది. గర్భం రావడం ఆలస్యం కావడానికి అది కూడా ఒక కారణం. అంటే పెళ్లి కోసం, పిల్లల కోసం వైద్యం వాయిదా వేయమనే సలహా, వాటికే అడ్డం పడొచ్చు. స్కానింగ్ నార్మల్ వచ్చినంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు. ఇంకో భయం కూడా ఉంది: పెళ్లికాని పిల్లకి లోపలి పరీక్ష చేస్తారేమోనని. బాగా నీళ్లు తాగించి, పొట్ట మీంచి చేసే స్కాన్‌తోనే మొదలుపెడతారు. మీరు ఒప్పుకోకుండా లోపలి పరీక్ష చేయకూడదు.

నువ్వుల చిమ్మిలి తినండి, ఎవరు వద్దన్నారు? హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి అది ఉందని తేలింది. చిమ్మిలితో పూడే లోటు కాదది. ఐరన్ మాత్రలు కావాలి, అవీ టీతో కాకుండా.

ఆపరేషన్ భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. అదే జాతీయ సర్వే 2015–16లో జరిగినప్పుడు, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరపు ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పే ఇచ్చింది. కాకపోతే ఈ భయానికి మందు డాక్టర్‌కి దూరంగా ఉండడం కాదు, ముందే వెళ్లడం. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, అది హార్మోన్ కూడా కాదు. హార్మోన్ మాత్రలున్నాయి, అవి ఆపేశాక గర్భం రావడానికి అడ్డుండదు. గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది. వీటి ఊసెత్తకుండా నేరుగా ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్‌కి చూపించండి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయొద్దు. అది క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

హైదరాబాద్‌లో ఉండి డబ్బు గురించి టెన్షన్ ఉంటే మీ బస్తీ దవాఖానాతో (బస్తీల్లో ఉండే ప్రభుత్వ క్లినిక్) మొదలుపెట్టండి, అక్కడ రక్తపరీక్షలకి డబ్బు తీసుకోరు. సుల్తాన్ బజార్, పేట్లబుర్జ్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు కాన్పులకే కాదు, వాటిలో గైనిక్ ఓపీ కూడా ఉంటుంది. రద్దీలో మాట్లాడేందుకు రెండు నిమిషాలే దొరకొచ్చు. గత రెండు మూడు నెలల డేట్లు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు, ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు అన్నది కాగితం మీద రాసుకెళ్లండి.