ఏకాంతానికి తత్కాల్ టికెట్టు

గుండె పిండే పాటను ఒంటరిగా అనుభవించాలంటే పక్కన కనీసం ఇరవై వేల మంది ఉండాలి. మా ఒడిశా బరంపురంలో అంత జనాన్ని పోగుచెయ్యడం ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి ఒక్కతెకే చేతనవును, అదీ రెండేళ్లకోసారి. ఆ తల్లి యాత్రలో పులివేషాలుంటాయి, డప్పులుంటాయి. పోయిన ప్రేయసి కోసం గిటారు పట్టుకుని కుమిలేవాడు మాత్రం కనపడడు. కాబట్టి మన సరిహద్దు తెలుగువాడు కంటతడి పెట్టుకోవడానికి హైదరాబాదో బెంగళూరో కచేరీకి పోక తప్పదు. "ఆ పాట ఫోన్లో ఇనపడతాది కదేట్రా?" అని అమ్మ అడుగుతుంది. కళ తెలియని ప్రశ్న, జవాబు చెప్పనక్కర్లేదు. (జవాబు లేదు కూడా.)

ముందు రైలు సంగతి. కచేరీ టికెట్లు నెలల ముందే అయిపోతాయి. రైలు రిజర్వేషనేమో 2024 నవంబరు నుంచి 120 రోజులు పోయి 60 రోజులకు కుదించుకుపోయింది. వెళ్లడం ఖాయమయ్యాక వెళ్లగలమో లేదో తేలడానికి మధ్యలో పట్టే కాలమే అసలైన విరహం. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున సికింద్రాబాద్‌లో దింపుతుంది. బెంగళూరుకైతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్, ఒక పగలూ ఒక రాత్రీ ప్రశాంతంగా కూచోవాలి. వెయిటింగ్ లిస్టు కదలకపోతే ముందురోజు పదింటికి ఏసీ తత్కాల్, పదకొండింటికి స్లీపర్. తిరుగు ఫలక్‌నుమా మధ్యాహ్నం పూటది, కచేరీ వదిలేది రాత్రి పదికి. ఆదివారం కచేరీ అయితే సోమవారం సెలవు చీటీ ముందే రాసి పెట్టుకోవడం మంచిది.

2025 ఫిబ్రవరి 2న ఇంగ్లండు పాటగాడు ఎడ్ షీరన్ హైదరాబాదు శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. మెట్రో ఎల్బీ నగర్ దాకానే. ఆ పైన విజయవాడ రోడ్డు మీద ఎవరి ఖర్మ వారిది. గేటు దగ్గరికి చేరాక వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తారు, నెట్‌వర్క్ చచ్చిపోతుంది, టికెట్టు కోడ్ తెరుచుకోదు. స్క్రీన్‌షాట్ చాలుననుకోకండి, కొన్ని యాప్‌లలో కోడ్ మారుతూనే ఉంటుంది. గది వదిలేముందే ఫోన్లోకి దించుకోవాలి. అమ్మ కట్టిచ్చిన పులిహోర గేటు దాటదు. అది ఆర్ద్రతకు భంగకరమని కాబోలు.

ఇక ఎక్కడ నిలబడాలి? ఎక్కువ డబ్బు పోసినవాడికి తక్కువ పాట వినపడే ఏకైక వ్యాపారం ఇదే. పెద్ద స్పీకర్లు ఎత్తున వేలాడుతూ వెనక జనం వైపు గురిపెట్టి ఉంటాయి. కమ్మీ పట్టుకుని వేదికకు అతుక్కున్నవాడి నెత్తి మీదుగా గొంతు వెళ్లిపోతుంది. వాడి వాటా నేలమీది బేస్ బాక్సులు: కడుపులో గుబగుబ, షర్టు గుండీలు వణకడం. మరీ వెనక నిలబడ్డా చిక్కే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. వంద మీటర్ల దూరాన, పక్కన ఆలస్యం సర్దే స్పీకర్ల టవర్ లేకపోతే, తెరమీద పెదవి కదిలిన దాదాపు మూడో వంతు సెకను తర్వాత మాట చేరుతుంది, డబ్బింగ్ సినిమాలాగ. మైదానం మధ్యలో చిన్న డేరా ఉంటుంది చూశారా, సౌండ్ ఇంజినీరు కూర్చునేది? అతను తన చెవికి నచ్చినట్టు కలుపుతాడు. ఆ డేరాకు రెండు బారల దూరంలో నిలబడినవాడే ధన్యుడు. అక్కడ తోపులాట ఉండదు. ఎందుకంటే అక్కడ సెల్ఫీ బాగా రాదు.

పాటగాడి మొహం కాదు, పాదం చూడండి. షీరన్ చాలా పాటలకు కాలికింద లూప్ పెడల్ వాడతాడు, అంటే వాయించిన ముక్కను పట్టుకుని మళ్లీమళ్లీ తిప్పి వినిపించే పెట్టె. గిటారు చెక్కమీద తాళం కొట్టి ఒక నొక్కు, దానిమీద తీగ, దానిమీద గొంతు, అన్నీ అప్పటికప్పుడు పేర్చినవే. మొదటి పొర ముగించే నొక్కు రవ్వంత ఆలస్యమైతే ఆ ఖాళీ ప్రతి చుట్టులోనూ తిరిగొస్తుంది, గానుగెద్దుకు ఒక కాలు కుంటైనట్టు. చెరిపి మళ్లీ మొదలెట్టాలి. ఇంత సూక్ష్మాన్ని గమనించేవారు లేకుండా చూసే బాధ్యతను ముందు వరుసలో ఎత్తిపట్టిన ఫోన్లు తీసుకుంటాయి.

చెవుల లెక్క మొహమాటం లేనిది. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చు. మూడు పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి పడుతుంది. నూరు దగ్గర పదిహేను నిమిషాలే. పాటలు రెండు గంటలు. దూది పనికిరాదు. ఫోమ్ బిళ్లలు సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, దూర్చి అరనిమిషం పట్టుకోవాలి. కాకపోతే మాటలు ముద్దవుతాయి. సంగీతం కోసమే చేసిన ఫిల్టర్ బిళ్లలు దొరుకుతాయి, అవి మేలు. అన్నిటికన్నా పెద్ద రొద పక్కవాడి గొంతు. దాన్ని తగ్గించే బిళ్ల ఇంకా రాలేదు.

హైదరాబాదు కచేరీ అయిన వారానికి, ఫిబ్రవరి 9 రాత్రి, షీరన్ గాయని శిల్పా రావుతో కలిసి తెలుగు పాట అందుకున్నాడు. ఎక్కడ? బెంగళూరులో. తెలుగు రాష్ట్రం బయట పుట్టి, తెలుగు కోసమని హైదరాబాదు టికెట్టు కొన్నవాడి గుండెకు ఇంతకన్నా సిసలైన విషాద గీతం ఎవరు రాయగలరు?

ఆ రోజు పొద్దునే అదే ఊళ్లో, చర్చ్ స్ట్రీట్ కాలిబాట మీద ఆయన గిటారుతో నిలబడి ఊరికే పాడాడు. టికెట్టు లేదు, కమ్మీ లేదు, తెర లేదు. దారినపోయేవాళ్లు ఎదురుగా నిలబడి విన్నారు. రైలెక్కలేదు, సెలవు పెట్టలేదు, చెవుల్లో ఏమీ కుక్కుకోలేదు. ఒక పోలీసాయన వచ్చి వైరు పీకేశాడు. సరిగ్గానే చేశాడు.